వాడకముందే ఎందుకు తీసేస్తారు?

ప్రశ్న: మా సహకార సంఘంలో లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్ల కిందట ఒక కొత్త సదుపాయం పెట్టారు. పాత రికార్డులన్నింటినీ అదే సర్ది, వేరుగా భద్రపరుస్తుందని చెప్పారు. మా సిబ్బందికి నేర్పించి, కాయితాలు సిద్ధం చేసుకుని, ఈ ఏప్రిల్ నుంచి వాడదామనుకున్నాం. ఇంతలో దాన్ని తీసేస్తున్నామని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వాడకముందే తీసేసేటట్టయితే అసలెందుకు పెట్టినట్టు? డబ్బు తీసుకుని ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. మీరు ఆలస్యం చేశారని నొచ్చుకోకండి. నలుగురి డబ్బుకు లెక్క రాసే కార్యాలయం కొత్తదాన్ని చూడగానే వాడెయ్యకూడదు. మనుషులకు నేర్పించి, పాత లెక్కతో సరిచూసుకుని, ఆర్థిక సంవత్సరం మొదట్లో మొదలుపెడదామనుకోవడం మీరు చేయవలసిన పనే. పెద్ద పెద్ద బ్యాంకులు, ఆస్పత్రులు చేసేదీ అదే. మీకు ఎదురైన అనుభవమే వాటికీ ఎదురవుతూ ఉంటుంది. కనుక ఇది ఎవరో బద్ధకించడం వల్ల వచ్చిన కష్టం కాదు. దీనికొక కారణం ఉంది, ఆ కారణానికి వెనక మరో కారణం ఉంది. నిదానంగా ఒక్కొక్కటే చూద్దాం.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా చాలా ఫీచర్ల (విడివిడి సదుపాయాల) కూడిక. వాట్సాప్‌నే తీసుకోండి. మెసేజీ పంపడం ఒక ఫీచర్, వీడియో కాల్ ఇంకొకటి, స్టేటస్ పెట్టడం మరొకటి. పైకి అంతా ఒకే వస్తువులా కనిపిస్తుంది. లోపల మాత్రం ఒక్కో సదుపాయానికి వేరే ప్రోగ్రాములు రాసి ఉంటాయి, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులు వేరే ఉంటారు. అమ్మేయడంతో వాళ్ల పని అయిపోదు. దొంగలు దూరే సందు ఏదైనా బయటపడితే మూయాలి. విండోస్ కొత్త వెర్షన్ వస్తే దానికి తగ్గట్టు మార్చాలి. పనిచేయడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే జవాబు చెప్పాలి. అంటే ఒక ఫీచర్ ఉన్నన్నాళ్లూ దాని ఖర్చు నడుస్తూనే ఉంటుంది, వాడేవాళ్లు పదిమంది ఉన్నా, పదిలక్షల మంది ఉన్నా. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు కంప్యూటర్లను కాసేపు పక్కన పెట్టి, మనందరికీ తెలిసిన ఒక వ్యవహారం చూద్దాం. ఆర్టీసీ ఒక పల్లెకు కొత్తగా ఉదయం ఎనిమిదింటి బస్సు వేసిందనుకోండి. ఊరివాళ్లు సంతోషిస్తారు. అయినా మర్నాడే అందరూ ఎక్కరు. పట్నంలో పనిచేసేవాళ్లు అప్పటికే షేర్ ఆటోవాడితో మాట్లాడుకుని ఉన్నారు. బస్సు రోజూ వస్తుందో లేదో, వర్షాకాలంలో కూడా నడుస్తుందో లేదో చూద్దామనుకుంటారు. పిల్లల్ని ఆ బస్సు నమ్ముకుని పట్నం కాలేజీలో చేర్పించాలంటే ఒక ఏడాదైనా చూడాలి కదా! ఇటు డిపోలో మాత్రం ఆక్యుపెన్సీ రేషియో (నూరు సీట్లకు ఎన్ని నిండాయన్న లెక్క) రోజూ రాసుకుంటారు. రెండు నెలలు చూస్తారు, సీట్లు నిండలేదు, డీజిల్ ఖర్చు కూడా రావడం లేదు. బస్సు తీసేస్తారు. ఊరివాళ్లు నమ్మకం కుదిరాక ఎక్కుదామనుకున్నారు, డిపోవాళ్లు ఎక్కితే నడుపుదామనుకున్నారు. ఇందులో ఇద్దరూ తెలివితక్కువ పని చేయలేదు. అయినా ఇద్దరికీ నష్టమే జరిగింది. ఇంకోసారి బస్సు వేస్తే ఊరివాళ్లు ఇంకా ఎక్కువ కాలం వేచి చూస్తారు.

మీ సాఫ్ట్‌వేర్ విషయంలో జరిగింది ఇదే. అమ్మేవాళ్ల కాలం ఒక వేగంతో నడుస్తుంది, వాడేవాళ్ల కాలం ఇంకో వేగంతో నడుస్తుంది. ఈ రెండు వేగాలు ఎందుకు కలవవో తెలియాలంటే రెండువైపులా కొంచెం లోపలికి వెళ్లాలి.

వాడేవాళ్ల వైపు నుంచి మొదలుపెడదాం. ఒక బ్యాంకు తన డేటాబేస్ (లెక్కలన్నీ వరుసగా దాచే సాఫ్ట్‌వేర్)లో కొత్తగా వచ్చిన ఫీచర్ వాడాలనుకుందని అనుకోండి. మొదటి వెర్షన్‌లో తప్పులుంటాయన్నది అందరికీ అనుభవమే కాబట్టి, వచ్చీ రాగానే తీసుకోరు. ఇదివరకు మైక్రోసాఫ్ట్ తన డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు సర్వీస్ ప్యాక్ (అప్పటిదాకా దొరికిన తప్పుల్ని సరిచేసి ఒక కట్టగా ఇచ్చేది) విడుదల చేసేది. మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చాకనే కొత్త వెర్షన్‌ను ముట్టుకోవడం చాలా కార్యాలయాల్లో రాయని నియమంగా ఉండేది. 2017 వెర్షన్ నుంచి ఈ సర్వీస్ ప్యాకులు మానేశారు గానీ, వేచి చూసే అలవాటు పోలేదు.

వేచి చూడటం అయ్యాక ఇంకో మెట్టు. ఆ డేటాబేస్ మీద నడిచే అసలు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీది అయి ఉంటుంది. ఫలానా వెర్షన్‌తో మాది సరిగా పనిచేస్తుందని వాళ్లు రాసివ్వాలి. రాసివ్వకముందు బ్యాంకు అడుగు వేస్తే, రేపేదైనా తేడా వచ్చినప్పుడు మాకు సంబంధం లేదంటారు. ఆ తర్వాత బడ్జెట్. కొత్త సర్వర్లు కావాలంటే వచ్చే ఏడాది కేటాయింపుల్లో పెట్టాలి. ప్రభుత్వ రంగమైతే టెండరు పిలవాలి. ఆ తర్వాత పాత డేటా నకలు తీసుకుని, దాని మీద నెలల తరబడి పరీక్షలు. మార్చి వచ్చిందంటే సంవత్సరాంతపు లెక్కలు కాబట్టి ఎవరూ ఏదీ కదపరు. ఇన్ని దాటేసరికి రెండు మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఇందులో ఒక్క మెట్టు కూడా అనవసరమైనది లేదు. జనం జీతాలు, పింఛన్లు దాని మీద ఆధారపడి ఉన్నాయి.

అమ్మేవాళ్ల వైపు కాలం అంత నిదానంగా నడవదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 తర్వాత ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 రావడానికి ఐదేళ్లు పట్టింది. ఈమధ్య కాలంలో 2012, 2014, 2016, 2017, 2019, 2022 అంటూ ఏడాదికో, రెండేళ్లకో, మూడేళ్లకో ఒకటి వస్తోంది. కొత్త వెర్షన్ కొనమని చెప్పాలంటే అందులో కొత్తగా ఏదో ఒకటి చూపించాలి. ఆ కొత్తదానికి మార్కెట్లో ఆదరణ ఉందా లేదా అన్నది తర్వాతి వెర్షన్ పని మొదలయ్యేసరికే తేల్చుకోవాలి. అంటే బ్యాంకువాళ్లు ఇంకా పరీక్షల దశలో ఉండగానే, అక్కడ వాడకం లెక్కలు చూసేస్తారు. లెక్కల్లో అంకెలు తక్కువగానే కనిపిస్తాయి. వాడాలని సిద్ధమవుతున్నవాళ్లు వాడేవాళ్ల లెక్కలోకి రారు. ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. మీ సంఘం రెండేళ్లు పడ్డ శ్రమ ఆ కంపెనీ కంప్యూటర్‌లో సున్నాగానే కనపడి ఉంటుంది.

నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2019 నవంబరులో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019లో మైక్రోసాఫ్ట్ ‘బిగ్ డేటా క్లస్టర్స్’ అనే పెద్ద ఫీచర్ పెట్టింది. ఒక్క కంప్యూటర్‌లో పట్టనంత డేటాను చాలా కంప్యూటర్ల మీద పరిచి, స్పార్క్ వంటి సాధనాలతో విశ్లేషించుకునే ఏర్పాటు అది. ఆ వెర్షన్‌కు దాన్నే ముఖ్య ఆకర్షణగా చూపించారు. అయితే దాన్ని నడపాలంటే కూబర్నెటిస్ (చాలా కంప్యూటర్లను ఒక గుంపుగా కూర్చి నడిపించే సాఫ్ట్‌వేర్) తెలియాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ చూసుకునే ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏళ్ల తరబడి విండోస్ మీద పనిచేసినవాళ్లు. కూబర్నెటిస్, అది నడిచే లినక్స్ వాళ్లకు కొత్త విద్యలు. నేర్చుకోవడానికే ఏడాది కావాలి. ఇంతలో 2020లో కోవిడ్ వచ్చి, కార్యాలయాలన్నీ ఉన్నదాన్ని నిలబెట్టుకుంటే చాలనుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఈ ఫీచర్‌ను విరమిస్తున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విడుదలైన నాటి నుంచి లెక్కవేస్తే రెండేళ్ల మూడు నెలలు. 2025 ఫిబ్రవరి 28 దాకా మద్దతు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. కానీ ఫలానా తేదీన పోతుందని తెలిశాక కొత్తగా దాని మీద ఇల్లు కట్టుకునేది ఎవరు? ప్రకటన వచ్చిన రోజే, ఇంకా మొదలుపెట్టనివాళ్లకు అది అయిపోయినట్టు.

అదే కుటుంబంలో ఇంకోటి ‘స్ట్రెచ్ డేటాబేస్’. మీరు చెప్పిన సదుపాయానికి ఇది దగ్గరి చుట్టం. పదేళ్ల నాటి లావాదేవీల్లాంటి, అరుదుగా చూసే పాత వరుసల్ని మైక్రోసాఫ్ట్ క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లు)కు పంపేసి, అడిగినప్పుడు అక్కడినుంచే తెచ్చి చూపించేది. 2016 వెర్షన్‌తో వచ్చింది. ఆలోచన చక్కగా ఉంది. పరిమితులు మాత్రం గట్టివే: పంపేసిన వరుసల్ని మళ్లీ దిద్దడానికి గానీ, చెరపడానికి గానీ వీలుండేది కాదు. లెక్కల్లో పాత తప్పు బయటపడి దిద్దవలసి రావడం ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని జాగ్రత్తపరులు ఆ పరిమితులు సడలేదాకా చూద్దామనుకున్నారు. 2022 వెర్షన్ వచ్చేసరికి దాన్ని ‘డిప్రికేటెడ్’ (ఇంకా పనిచేస్తుంది గానీ ఇకమీదట వాడకండి, తీసేస్తాం అని ముందుగా చెప్పడం) అన్నారు. సరిచేస్తే వాడుదామని వీళ్లు, వాడితే సరిచేద్దామని వాళ్లు. ఆర్టీసీ బస్సు కథే.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. వాడేవాళ్లు తక్కువైతే తక్కువ, ఉన్నదాన్ని అలాగే వదిలేస్తే ఏం పోయింది? తినడానికి అన్నం అడగదు కదా?

ఇందాక గుర్తుంచుకోమన్న ఖర్చు సంగతి ఇక్కడ వస్తుంది. కొత్త వెర్షన్ విడుదలయ్యే ప్రతిసారీ, ప్రతి ఫీచర్‌నూ మిగతావాటితో కలిపి పరీక్షించాలి. ఒక్కో ఫీచర్ వాడేవాళ్లు, వాడనివాళ్లు అని రెండు రకాలు ఉంటారు. రెండు ఫీచర్లుంటే నాలుగు రకాల కస్టమర్లు. మూడుంటే ఎనిమిది. పది ఫీచర్లుంటే 1,024. ఇరవైకి చేరేసరికి పదిలక్షలు దాటిపోతుంది. అన్నింటినీ నిజంగా పరీక్షించడం ఎవరివల్లా కాదు, ముఖ్యమైన కలయికల్ని ఏరుకుంటారు. అయినా ఒక్క ఫీచర్ పెరిగితే బరువు ఒక్క పాలు పెరగదు, చాలా పాళ్లు పెరుగుతుంది. దానికి తోడు భద్రత. ఎవరూ పట్టించుకోని మూల గదిలోంచే దొంగ దూరతాడు. వాడకం లేని ఫీచర్‌లో సందు ఉంటే, ఆ సందులోంచి వచ్చినవాడు వాడకం ఉన్న గదుల్లోకీ వెళ్లగలడు. కాబట్టి ఊరికే వదిలేయడం కుదరదు. చూసుకోవాలి, లేదా తీసేయాలి.

చూసుకునే మనుషుల విషయం కూడా ఉంది. ఏ కంపెనీలోనైనా కొత్తది కట్టినవాడికి వచ్చే పేరు, కట్టినదాన్ని పదేళ్లు చెక్కుచెదరకుండా కాపాడినవాడికి రాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఎవరినైనా అడగండి, మెయింటెనెన్స్ ప్రాజెక్టులో వేశారంటే ఎందుకు ముఖం చిన్నబుచ్చుకుంటారో చెబుతారు. ఫీచర్ విడుదలయ్యాక దాన్ని పుట్టించినవాళ్లు ఇంకో కొత్తదానికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకు దాని లోగుట్టు అంతగా తెలియదు. వాడకం లెక్కలు చూపించి దీన్ని నిలబెట్టండని వాదించే గొంతు అక్కడ ఉండదు. ఇది మారవలసిన పద్ధతి అని నా గట్టి నమ్మకం. నిలబెట్టడమూ ఒక సృష్టేనని కంపెనీలు జీతాల్లోనూ ప్రమోషన్లలోనూ చూపించేదాకా ఈ తొందర తగ్గదు.

ఇప్పుడు చిత్రమైన విషయం ఒకటి చూడండి. అదే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పొడవైన రాతల్ని దాచడానికి ‘టెక్స్ట్’, ‘ఎన్‌టెక్స్ట్’, బొమ్మలకు ‘ఇమేజ్’ అనే పాత రకాలు ఉన్నాయి. వీటిని తీసేయబోతున్నాం, కొత్త పనులకు వాడకండి అని 2005 వెర్షన్ నాడే చెప్పారు. 2022 వెర్షన్‌లో కూడా అవి పనిచేస్తూనే ఉన్నాయి. పదిహేడేళ్లు! కారణం స్పష్టమే. లెక్కలేనన్ని పాత ప్రోగ్రాముల్లో అవి పాతుకుపోయాయి. తీసేస్తే ఎన్నో కార్యాలయాల్లో పనులు ఆగిపోతాయి. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 సంగతీ అంతే. దాంతో కొత్త ప్రోగ్రాములు రాసే సాధనానికి 2008లోనే మద్దతు ఆపేశారు గానీ, దాంతో అప్పటికే రాసిన ప్రోగ్రాములు నడవడానికి కావలసినదాన్ని విండోస్ 10, 11లలో కూడా ఉంచారు.

అంటే ఒక ఫీచర్‌ను కాపాడేది అది ఎంత మంచిదన్నది కాదు, దాని మీద ఎంతమంది బతుకుతున్నారన్నది. పాతదాన్ని తీసేస్తే గోల చేసేవాళ్లు లక్షల్లో ఉంటారు. నిన్న వచ్చినదాన్ని తీసేస్తే నొచ్చుకునేది మీలాంటి కొద్దిమంది జాగ్రత్తపరులు, తొందరపడి ముందే దూకిన ఇంకొంతమంది. అందుకే కొత్త మొక్కకే ప్రాణగండం ఎక్కువ.

గూగుల్ వేవ్‌ది మరీ చిన్న ఆయుష్షు. ఈమెయిల్, చాటింగ్, నలుగురూ ఒకే కాయితం మీద ఒకేసారి రాసుకోవడం, ఈ మూడింటినీ కలిపి ఒకచోట పెట్టిన సేవ అది. 2009 మేలో ప్రపంచానికి చూపించారు, ఆ సెప్టెంబరు నుంచి పిలుపు అందినవాళ్లకు మాత్రమే ఇచ్చారు. పిలుపు ద్వారా ఇవ్వడమే దానికి పెద్ద చిక్కయింది. నలుగురు కలిసి పనిచేసుకునే చోట ఇద్దరికే తలుపు తీస్తే ఏం లాభం? చివరికి 2010 మే 19న అందరికీ తెరిచారు. అదే ఏడాది ఆగస్టు 4న ఇక దీని మీద పనిచేయబోమని ప్రకటించారు. అందరికీ తెరిచాక మూడు నెలలు కూడా నిండలేదు. ఒక బడిలోనో ఆఫీసులోనో దీన్ని వాడదామని నిర్ణయించడానికి ఒక్క మీటింగు పెట్టుకునే లోపే అయిపోయింది. ఒక్కటి మాత్రం వాళ్లు బాగా చేశారు. ఆ ప్రోగ్రామును అపాచీ అనే, అందరూ కలిసి రాసే ఉచిత సాఫ్ట్‌వేర్లను చూసుకునే సంస్థకు ఇచ్చి, కావాలంటే ఎవరైనా కొనసాగించుకోవచ్చన్నారు. 2012 ఏప్రిల్ దాకా పాత సంభాషణలు తీసుకోవడానికి వ్యవధి ఇచ్చారు. తగినంతమంది చేతులు కలపక అపాచీలోనూ అది 2018లో ఆగిపోయింది.

ఒక్కోసారి తప్పు ఫీచర్‌దీ కాదు, వాడేవాళ్లదీ కాదు. కింద నేల కదులుతుంది. మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ 2007లో వచ్చింది. బ్రౌజర్‌లో వీడియోలూ బొమ్మలూ చక్కగా చూపించడానికి దాన్ని అదనంగా బిగించుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ దాన్ని వాడింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ను అమెరికాలో ఇంటర్నెట్ మీద చూపించడానికీ అదే. కానీ ఆ ఏళ్లలోనే ఐఫోన్ వచ్చింది. దాని బ్రౌజర్‌లో ఇలాంటివి బిగించడానికి వీల్లేదు. జనం ఫోన్ల వైపు మళ్లడం, ఏదీ బిగించకుండానే వీడియో చూపించే హెచ్‌టీఎమ్‌ఎల్ 5 బలపడటం ఒకేసారి జరిగాయి. 2011 డిసెంబరులో వచ్చిన ఐదో వెర్షనే చివరిది. ఆ మధ్యకాలంలో దాన్ని కష్టపడి నేర్చుకుని, రెజ్యూమేలో మొదటి వరుసలో రాసుకున్న కుర్రాళ్లున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు కోర్సుల బోర్డులు ఎంత త్వరగా మారతాయో చూసినవాళ్లకు వాళ్ల కష్టం తెలుస్తుంది. ఫీచర్ పోయినప్పుడు కంపెనీ పద్దులో ఒక వరుస చెరిగిపోతుంది. నేర్చుకున్నవాళ్లకు మాత్రం బతుకులో కొన్ని నెలలు పోతాయి, ఫీజు కట్టిన తండ్రి డబ్బు పోతుంది. ఈ నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు కాబట్టే దీని గురించి ఇంత చెబుతున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. డబ్బు తీసుకుని ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు మీ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడుస్తోందన్న దాని మీద ఉంటుంది. మనం కొనేది సాఫ్ట్‌వేర్‌ను కాదు, వాడుకునే అనుమతిని. దాన్నే లైసెన్సు అంటాం. ఆ ఒప్పందంలో ఫీచర్లు మార్చే హక్కు తమకుందని కంపెనీలు మామూలుగా రాసుకుంటాయి. అయితే సాఫ్ట్‌వేర్ మీ సొంత కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటే, చేతిలో ఉన్న వెర్షన్‌లోంచి ఫీచర్ దానంతటది మాయం కాదు. కొత్త వెర్షన్‌కు మారినప్పుడే పోతుంది. మన తెలుగు డీటీపీ సెంటర్లు దీనికి మంచి సాక్ష్యం. అడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది. 2004లో దాని మీద పని ఆపేశారు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే మన ఊళ్ల సెంటర్లలో అను ఫాంట్లతో కలిపి ఆ పేజ్‌మేకర్‌నే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిపారు. దాంట్లో ఇబ్బందులు లేవని కాదు. పాత కంప్యూటర్ పాడైతే కొత్తదాని మీద ఎక్కుతుందో లేదో తెలియదు. భద్రతా సవరణలు రావు. ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న లెక్కల కంప్యూటర్‌కు నేను ఆ దారి సలహా ఇవ్వను. కానీ ఎప్పుడు మానాలన్నది వాడేవాళ్ల చేతిలో ఉంది.

క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్రోగ్రాము వాళ్ల దగ్గరే ఉంటుంది, మీరు నెలకింత అని కట్టి వాడుకుంటారు. వాళ్లు ఆపిన రోజు మీకూ ఆగిపోతుంది. అదే అడోబీ 2013లో ఒకసారి కొనుక్కుని ఎప్పటికీ వాడుకునే పద్ధతికి స్వస్తి చెప్పి చందా పద్ధతికి మారడంతో ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది. నా ఉద్దేశంలో, వాడకముందే పోయే ఫీచర్లు ఈ కాలంలో ఎక్కువగా కనిపించడానికి పెద్ద కారణం కూడా ఇదే. వెనకటికి సీడీ మీద వేసి అమ్మేసినదాన్ని వెనక్కి పిలవడం కంపెనీ తరం కాదు. కాబట్టి పెట్టేముందే చాలాసార్లు ఆలోచించేవాళ్లు. పెట్టడమూ తీయడమూ ఒక్క మీట దూరంలోకి వచ్చాక, పెట్టి చూద్దాం, కుదరకపోతే తీసేద్దాం అనే ధోరణి పెరిగింది.

మరి దీనికి కట్టుబాటు ఏమీ లేదా అంటే, కొంత ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి వాటికి మైక్రోసాఫ్ట్ ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్లు పూర్తి మద్దతు, మరో ఐదేళ్లు భద్రతా మద్దతు అని మొత్తం పదేళ్లు రాసిస్తుంది. ఎప్పటికప్పుడు మారుతూ ఉండే సేవలకు వేరే నియమం. ప్రత్యామ్నాయం చూపించకుండా ఆపేసేటట్టయితే కనీసం 12 నెలల ముందు చెబుతామంటుంది. ఉచిత సేవలకు, ఇంకా ప్రివ్యూ (పరీక్ష కోసం ముందుగా చూపించే దశ)లో ఉన్నవాటికి ఈ హామీ వర్తించదు. పన్నెండు నెలలంటే వినడానికి పెద్ద గడువే. ఇందాక మనం చూసిన బ్యాంకు మెట్లు ఒక్కసారి లెక్కవేసుకోండి. బయటికి రావడానికీ అన్ని మెట్లూ దిగాలి.

ప్రివ్యూ దశ దాటేదాకా ఆగి, తర్వాత వాడితే సురక్షితమని కొందరంటారు. అది కొంతవరకే నిజం. ఇంటర్నెట్ చిరునామాలు అమ్మే గూగుల్ డొమైన్స్ 2015లో బీటా (ప్రయోగ దశ)గా మొదలైంది. ఏడేళ్లు ఆ ముద్రతోనే ఉండి, 2022 మార్చిలో ఆ దశ దాటిందన్నారు. 2023 జూన్‌లో ఆ వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్ అనే కంపెనీకి అమ్మేస్తున్నట్టు ప్రకటించారు. బీటా ముద్ర పోయేదాకా ఓపిక పట్టినవాళ్లకు దక్కింది పదిహేను నెలలు.

కాబట్టి ముద్ర చూసి నమ్మడం కంటే, ఫీచర్ వేళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడటం మేలు. ఆ కంపెనీ తన సొంత పనులకు దాన్ని వాడుకుంటోందా? వాడుకుంటుంటే అంత సులువుగా తీసేయలేదు. అదే పనిని అదే పద్ధతిలో చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఒకరు ఆపినా ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. రెండేళ్లలో దానికి ఎన్ని మెరుగులు దిద్దారు? విడుదలైన నాడు ఎలా ఉందో ఈనాటికీ అలాగే ఉంటే, దాన్ని చూసుకునే మనుషులు అక్కడ లేరని అర్థం. ఇక అన్నింటికన్నా ముందు అడగవలసింది, లోపలికి వెళ్లిన డేటా బయటికి ఏ రూపంలో వస్తుందని. ఎక్సెల్ వంటి మామూలు ఫైలుగా వస్తే భయం లేదు. వాళ్ల ప్రోగ్రాము తప్ప ఇంకేదీ చదవలేని రూపంలో వస్తే, ఎంత గొప్ప ఫీచర్ అయినా దాని జోలికి పోకండి.

జాగ్రత్తపడి వేచి ఉన్నంతకాలం నోరు మెదపకుండా ఉండకండి. మేం ఫలానా ఫీచర్ వాడబోతున్నాం, ఫలానా నెల నుంచి మొదలుపెడతాం, ప్రస్తుతం పరీక్షిస్తున్నాం అని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. మీలాంటి సంఘాలు పది కలిసి రాస్తే ఇంకా మంచిది. వాడకం లెక్కల్లో పడని మనిషి కనీసం ఉత్తరాల లెక్కలోనైనా పడతాడు. వాడేవాళ్ల మాట విని గడువు పెంచినవాళ్లూ ఉన్నారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మూడో తరం 2008లో వచ్చింది. రెండో తరానికి 2015తో మద్దతు ఆపాలని మొదట అనుకున్నారు. జనం ఇంకా మారలేకపోతున్నారని చూసి, 2014లోనే ఆ గడువును 2020కి జరిపారు.

మీ విషయంలో ఇప్పుడు చేయవలసింది, వచ్చిన మెయిల్‌ను మళ్లీ ఒకసారి నిదానంగా చదవడం. అందులో రెండు తేదీలు ఉండాలి: కొత్తగా మొదలుపెట్టడానికి చివరి రోజు ఒకటి, పూర్తిగా ఆగిపోయే రోజు ఒకటి. లేకపోతే అడిగి తెలుసుకోండి. మీరింకా పాత రికార్డులు అందులోకి ఎక్కించలేదు కాబట్టి మీ డేటాకు ప్రమాదం లేదు. పరీక్ష కోసం ఏవైనా ఎక్కించి ఉంటే ముందు వాటి నకలు బయటికి తీసుకోండి. ఆ ఫీచర్ కోసమని అదనంగా కట్టిన డబ్బు ఉంటే, రసీదు జతచేసి తిరిగి ఇమ్మని అడగండి. వచ్చే ఏడాది లైసెన్సు రెన్యువల్ సమయంలో, కొత్తగా ఏ సదుపాయం చూపించినా అది కనీసం ఎన్నేళ్లు ఉంటుందో ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే దాన్ని నమ్ముకుని మీ సిబ్బందికి శిక్షణ పెట్టకండి.